‘నా ఫోటోలు నువ్వే తీయాలి’ అంటోంది, ఏం చేయను?

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేసి, విషయం కుదించి ఇస్తున్నాను.

ఆవిడకి ముప్పై మూడేళ్ళు. బ్యాంకు ఉద్యోగం, ఫోటోగ్రఫీ అంటే ప్రాణం. తెలిసినవాళ్ళ బారసాలలు, పుట్టినరోజులు తీస్తూ తీస్తూ చేయి తిరిగింది, ఇప్పుడు అప్పుడప్పుడు డబ్బుకి కూడా తీస్తున్నారు. ఇంటర్ నుంచి ఒకే కంచంలో తిన్నంత దగ్గరి స్నేహితురాలు ఇప్పుడు ఏడో నెల గర్భిణి. ఆమె భర్త మర్చంట్ నేవీలో పనిచేస్తారు, నవంబరు మూడో వారంలో ఓడ దిగుతారు. అప్పటికి ఆమెకి 33 వారాలు నిండుతాయి. ఆయన రాగానే ముగ్గురూ అరకు వెళ్ళి, వలిసె పూల పొలాల్లో మెటర్నిటీ షూట్ చేయాలని స్నేహితురాలి కోరిక. "బయటి ఫోటోగ్రాఫర్ ముందు నాకు సిగ్గు, నువ్వే తీయాలి" అంటోంది. కొన్ని ఫోటోలు పొట్ట కనబడేలా కావాలట, అవి మొగుడూ పెళ్ళాలకి మాత్రమేనట, అత్తగారికి తెలియకూడదట. అత్తగారేమో ఎనిమిదో నెలలో ఊరు దాటకూడదంటున్నారు.

ఘాట్ రోడ్డులో ఏమైనా అయితే ఎలా అన్నది తన భయమని ఈ పాఠకురాలు రాశారు. ఉత్తరం చివరికి వచ్చాక ఇంకో సంగతి చెప్పారు. తనకి పెళ్ళయి ఆరేళ్ళు, పిల్లలు లేరు. వీర్యకణాలని నేరుగా గర్భసంచిలోకి పంపే ఐయూఐ చికిత్స మూడుసార్లు చేయించుకున్నారు, ఆఖరిది మొన్న ఆగస్టులో విఫలమైంది. చికిత్స సంగతి స్నేహితురాలికి తెలుసు, ఆగస్టు సంగతి తెలియదు. పైగా ఆ ఇంట్లో ఒకరోజు వంటగదిలోంచి స్నేహితురాలి అత్తగారి మాట చెవిన పడింది: "కడుపు పండని పిల్ల చేతుల మీదుగా ఈ ఫోటోలెందుకు?" "దాని కోసం సంతోషంగానే ఉన్నాను, అబద్ధం కాదు. కానీ ఇంటికొచ్చాక ఏడుపు ఆగడం లేదు" అని రాశారు. అడిగింది ఇది: ఘాట్ రోడ్డు ప్రమాదమని చెప్పి ఈ షూట్ ఆపించేయనా? తీయనంటే మా స్నేహం ఏమవుతుంది?

జవాబు

మీ ఉత్తరం చదవగానే నాకు తట్టింది ముందు చెబుతాను. ఆ మలుపుల గురించి, వాంతుల గురించి, ఆసుపత్రి ఎంత దూరమో దాని గురించి పేజీన్నర రాశారు. ఆగస్టు గురించి రెండే వాక్యాలు రాశారు, అవి కూడా చివర్లో, "ఇది అంత ముఖ్యం కాదులెండి" అంటూ. నాకు అదే ముఖ్యమనిపించింది.

మీరు అడిగినవి నిజానికి రెండు ప్రశ్నలు. ఈ స్థితిలో మీ స్నేహితురాలు అరకు వెళ్ళొచ్చా అన్నది ఒకటి. తన ఫోటోలు మీరు తీయగలరా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు తన డాక్టరు దగ్గర ఉంది, రెండోది మీరే తేల్చుకోవాలి. మీరు మొదటిదాన్ని అడ్డం పెట్టి రెండోది తప్పించుకోవాలని చూస్తున్నారు, అలా చూడటం తప్పని నేననను, బాధలో ఉన్నప్పుడు ఎవరికైనా ముందు దొరికిన సాకే గట్టిగా కనిపిస్తుంది. కానీ ఇక్కడ అది పనిచేయదు. మీ మాట విని తను అరకు మానేసిందనుకోండి, మర్నాడే ఫోన్ చేసి "సరే, అయితే ఇక్కడే రుషికొండ బీచ్‌లో తీద్దాం" అంటుంది. అప్పుడేం చెబుతారు?

అందుకని రెండూ విడదీసి మాట్లాడుకుందాం. అరకు సంగతి ముందు.

విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది, అక్కణ్ణుంచి అన్నీ మలుపులే. మామూలు రోజుల్లోనే మూడు గంటలకు తక్కువ కాదు. వలిసె విరగబూసేది, కార్తీక వనభోజనాల బస్సులు కొండెక్కేది ఒకే రోజుల్లో కాబట్టి శని, ఆదివారాల్లో ఆ దారి ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ రైలుకి మలుపుల బాధ, గతుకుల బాధ తక్కువ, సొరంగాలు దాటుతూ వెళ్ళడం తనకీ సరదాగానే ఉంటుంది. కానీ నాలుగు గంటల పాటు కూర్చోవాలి, మధ్యలో నొప్పి మొదలైతే కారులా వెనక్కి తిప్పే వీలుండదు. తనని మొదటి నుంచీ చూస్తున్న డాక్టరు, పసిపిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రి కొండ కింద ఉంటాయి. 37 వారాలలోపు కాన్పు వస్తే దాన్ని నెలలు నిండని కాన్పు అంటారు, 33 వారాలంటే ఇంకా దానికి చాలా ముందున్నట్టే. గర్భిణులకి ప్రయాణాలు 14 నుంచి 28 వారాల మధ్య సులువని డాక్టర్లు సాధారణంగా చెబుతుంటారు. తర్వాత పూర్తిగా నిషేధమని కాదు, తర్వాత ఎవరి పరిస్థితి వాళ్ళదే.

దారి సంగతి అందరూ ఆలోచిస్తారు, పొలం సంగతి ఆలోచించరు. మీరు ఫోటోలు తీసే మనిషి కాబట్టి మీకు చెబుతున్నాను. నవంబరు తెల్లవారుజామున అరకులో చలి, పొగమంచు. మంచి వెలుతురు కోసం ఆ వేళకే వెళ్ళాలంటారు, తను పల్చటి గౌను వేసుకుని నిలబడాలి. గట్లు మంచుకి తడిసి జారుతుంటాయి. పూలు విచ్చుకున్న వలిసె పొలమంటే తేనెటీగలు తప్పవు, ఈ సీజన్లో తేనె పెట్టెలు తెచ్చి ఆ పొలాల పక్కనే పెడతారు. ఇక ఎనిమిదో నెలలో అరగంటకోసారి బాత్‌రూమ్‌కి వెళ్ళాల్సి వస్తుంది, ఆ పొలాల దగ్గర అలాంటి వసతి ఎక్కడుంది? రీల్స్‌లో ఈ అవస్థలేవీ కనబడవు, పసుపు రంగు మాత్రం కనబడుతుంది. ఇంకోటి, అది ఎవరో మన కోసం వేసిన పూలతోట కాదు. గిరిజన రైతులు నూనెగింజల కోసం వేసుకున్న పంట. వెళ్ళే పనైతే అడిగి, వాళ్ళు చెప్పిన డబ్బు ఇచ్చి, మొక్క తొక్కకుండా గట్టు మీదే నిలబడి తీయాలి.

ఇవన్నీ మీరు తనకి చెప్పొచ్చు. కానీ "వద్దు" అనే మాట మీ నోటి నుంచి రానివ్వకండి. అది డాక్టరు చెప్పాల్సిన మాట. వచ్చే చెకప్‌కి వెళ్ళినప్పుడు "ప్రయాణం చేయొచ్చా" అని మొక్కుబడిగా అడిగితే "జాగ్రత్తగా వెళ్ళండి" అనే జవాబు వస్తుంది. అలా కాకుండా విడమరిచి అడగమనండి: ఘాట్ రోడ్డు మీదుగా మూడున్నర గంటల ప్రయాణం, రాత్రి అక్కడే బస, పొద్దున్నే పొలంలో గంటసేపు నిలబడటం. మాయ ఎక్కడుంది, బీపీ ఎలా ఉంది, రక్తం ఎంత ఉంది, ఇంతకుముందు నొప్పులు కానీ రక్తస్రావం కానీ అయిందా, వీటన్నిటినీ చూసి డాక్టరే చెబుతారు. వద్దంటే గొడవ లేదు, ఆ కబురు మోసే బాధ మీకు తప్పుతుంది. వెళ్ళొచ్చంటే వారం మధ్యలో బయల్దేరండి, రిపోర్టుల ఫైలు దగ్గర పెట్టుకోండి, గంటకోసారి ఆగి తనని నాలుగడుగులు నడవనివ్వండి. సీటు బెల్టు అడ్డపట్టీ పొట్ట మీదుగా కాకుండా పొట్ట కిందుగా, తొడల మీదుగా వచ్చేలా చూడండి. వెళ్ళిన రోజే తిరిగి రావాలని పెట్టుకోవద్దు.

నన్నడిగితే ఇంకో దారి కూడా ఉంది. వలిసె ఏటా పూస్తుంది. జనవరిలో బిడ్డ పుడితే వచ్చే నవంబరుకి పది నెలల పాపో బాబో చంకలో ఉంటారు, అప్పుడు ఆ పొలం గట్టు మీద తీసే ఫోటోకి ఏ భయమూ ఉండదు. అరకు కోరిక కాదనకుండా ఏడాది జరిపినట్టవుతుంది, తనకి ఈ మాట నచ్చవచ్చు.

ఎనిమిదో నెల పట్టింపు గురించి ఒక్క మాట. దాని మీద అత్తాకోడళ్ళు ఎలా వాదించుకున్నా మీరు మధ్యలోకి వెళ్ళకండి. ఆసుపత్రులు అందని రోజుల్లో నెలలు నిండని కాన్పు అంటే ఇంటిల్లిపాదికీ ఎంత భయమో, ఆ భయమే ఆ మాటలో ఉందనుకుంటాను. ఆవిడకి డాక్టరు చేత చెప్పిస్తే సరిపోతుంది.

ఇప్పుడు మీ సంగతి.

స్నేహితురాలి కోసం సంతోషం, ఇంటికొచ్చాక ఏడుపు. ఈ రెంటిలో ఒకటి అబద్ధమయి ఉండాలని మీరు భయపడుతున్నట్టున్నారు, అందుకే "అబద్ధం కాదు" అని నాకు నొక్కి చెప్పారు. రెండూ నిజమే. ఆగస్టులో జరిగింది నష్టం, దానికి ఇంట్లోవాళ్ళు కూడా పేరు పెట్టరు, పరామర్శకి ఎవరూ రారు, మర్నాడు బ్యాంకుకి వెళ్ళి కౌంటర్లో కూర్చోవాలి. మూడు నెలలు తిరక్కుండా అదే కలని ఇంకొకరి ఒంటి మీద దగ్గరగా, లెన్సులోంచి, అందంగా చూపించమని అడుగుతున్నారు. బాధ కలగకపోతేనే ఆశ్చర్యం. పిల్లల కోసం ఇలా ఇబ్బంది పడేవాళ్ళు ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో దాదాపు ఒకరుంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో లెక్క చెప్పింది. మీ బ్యాంకులో, మీ వీధిలో, ఆ అత్తగారి చుట్టాల్లో కూడా ఉండే ఉంటారు, చెప్పుకోరు అంతే.

ఆవిడ అన్న మాట దగ్గరికి వస్తాను. అది తప్పుడు మాట. పెద్దావిడ, పాతకాలం మనిషి అని నేను సర్దిచెప్పను. సీమంతంలో గాజులు వేయడానికి పిలవకపోవడం, బారసాలలో ఉయ్యాల ముట్టుకోనివ్వకపోవడం, ఇలాంటివి మన ఇళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళని మూలన నిలబెట్టాయో నాకు వచ్చే ఉత్తరాలే చెబుతాయి. మీ చేతిలో ఏ దోషమూ లేదు. అయితే ఆవిడ మాట మీకు నేరుగా అనలేదు, మీరు విన్నారని ఆవిడకి తెలియదు. ఆవిడకి ఏదో నిరూపించాలని కెమెరా పట్టుకోకండి, ఆవిడ అన్నదని కెమెరా దించేయకండి. ఈ ఫోటోలు తీయడమో మానడమో ఆవిడ ప్రస్తావన లేకుండా తేలాలి.

మీ ముందు ఏమేం దారులున్నాయో, ఒక్కోదాని వెనక ఏం వస్తుందో చెబుతాను, ఎంచుకునేది మీరు.

ఏమీ చెప్పకుండా అంతా తీయడం ఒకటి. ఇప్పుడు మీరు అటే వెళుతున్నారు. ఆ రోజు గడిచిపోతుంది, మీరు నవ్వుతూనే తీస్తారు, మీకు ఆ నేర్పుంది. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది, దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. కొన్ని వందల ఫోటోలు ఇంటికి తెచ్చుకుని, రాత్రుళ్ళు ఒంటరిగా కూర్చుని, ఒక్కోటీ పెద్దది చేసి, చర్మం రంగు సరిచేస్తూ, ఏది ఉంచాలో ఏది తీసేయాలో చూడాలి. షూట్ రెండు గంటలైతే ఎడిటింగ్ రెండు వారాలు. మీరు తట్టుకోలేక జాప్యం చేస్తారు, తను "ఎప్పుడిస్తావే" అని అడుగుతుంది, మీరు విసుక్కుంటారు, తనకి కారణం తెలియదు కాబట్టి తనే ఏదో తప్పు చేశాననుకుంటుంది. స్నేహాలు చెడేది ఎక్కువగా ఇలాంటి చోటే.

నిజం చెప్పి, మీకు వీలైనంత వరకే తీయడం ఇంకోటి. "తీస్తాను, కానీ గంటన్నర, ఇక్కడ విశాఖలోనే, ఎడిటింగ్ నేను చేయను" అని ముందే చెప్పడం. ఎడిటింగ్ బయట డబ్బిచ్చి చేయించుకోవచ్చు, విశాఖలో ఆ పని చేసేవాళ్ళకి కొదవ లేదు. దీనివల్ల తనకి కావాల్సిన నమ్మకమైన కళ్ళు దొరుకుతాయి, మీకు తర్వాతి భారం తగ్గుతుంది. అయితే ఆగస్టు సంగతి తనకి చెప్పాల్సి వస్తుంది, విన్నాక తను కంగారుపడి "వద్దులే, అసలు షూటే మానేద్దాం" అనొచ్చు. ఆ మాట మీకు మళ్ళీ గుచ్చుకుంటుంది. దానికి సిద్ధంగా ఉండండి.

తీయకుండా పక్కన ఉండటం మూడోది. ఇప్పుడు మెటర్నిటీ, పసిపిల్లల ఫోటోలు తీసే ఆడవాళ్ళు విశాఖలో ఉన్నారు. మీరే ఒకరిని వెతికి, వాళ్ళ పాత పని చూసి, మాట్లాడి పెట్టండి. తనకి ఉన్న సిగ్గు మగ ఫోటోగ్రాఫర్ ముందా, కొత్త మనిషి ముందా అన్నది అడిగి తెలుసుకోండి, రెండూ ఒకటి కాదు. ఆ రోజు మీరు రిఫ్లెక్టర్ పట్టుకుని, చీర కుచ్చిళ్ళు సర్ది, తనని నవ్వించి వచ్చేయవచ్చు. తనకి కొంచెం నిరుత్సాహం ఉంటుంది, డబ్బు ఖర్చవుతుంది. ఆ ఖర్చు మీరే పెట్టుకుని సీమంతానికి కానుకగా ఇస్తానన్నా బాగుంటుంది.

పూర్తిగా తప్పుకోవడం కూడా ఒక దారే. చికిత్స మళ్ళీ మొదలుపెడుతున్న నెలలోనే ఈ షూట్ పడితే నేనైతే దీన్నే మొదట ఆలోచించమంటాను. హార్మోన్ ఇంజెక్షన్ల రోజుల్లో మనసు మామూలుగా ఉండదని మీకు నేను చెప్పక్కర్లేదు. కాకపోతే కారణం చెప్పకుండా తప్పుకుంటే తను దాన్ని అసూయ అనుకునే ప్రమాదం ఉంది, అత్తగారి నోట్లో అదే మాట వస్తే ఇంకా పెద్దదవుతుంది. కారణం చెప్పి తప్పుకుంటే అంత ప్రమాదం లేదు.

మీ ఉత్తరం ధోరణి చూస్తే మీకు తీయాలనే ఉందని నాకనిపించింది. వెలుతురు గురించి, తను పక్కకి తిరిగి నిలబడితే ఎలా ఉంటుందో దాని గురించి మధ్యలో ఒక పేరా రాసుకుంటూ పోయారు, అందులో ఎక్కడా బాధ లేదు. కాబట్టి రెండో దారిలో వెళ్ళేట్టయితే, ఇక్కడే విశాఖలో ఎలా చేయొచ్చో కొంచెం చెబుతాను.

ఇది శరత్తు చివర. మన దగ్గర ఆకులు ఎర్రబడి రాలవు, దాని అందం వేరే. వానలు వెనకబడి గాలి తేటపడుతుంది, ఎండలో మంట తగ్గుతుంది, ఏటి ఒడ్డున రెల్లు తెల్లగా ఊగుతుంది. భీమిలి వైపు గోస్తనీ ఒడ్డున రెల్లు ఇంకా రాలిపోకుండా ఉంటే వలిసె పొలానికి ఏమాత్రం తీసిపోదు, ముందు మీరొక్కరే వెళ్ళి చూసి రండి, కారు ఎంత దగ్గరికి వెళుతుందో కూడా చూడండి. భీమిలి రోడ్డు పక్క సరుగుడు తోటలైతే ఇంకా మేలు: నేల మీద గోధుమరంగు సూదులు పరుచుకుని ఉంటాయి, వెలుతురు జల్లెడ పట్టినట్టు మెత్తగా పడుతుంది, తనకి నీడ ఉంటుంది, గాలి ఉంటుంది.

బీచ్ కావాలంటే పొద్దున్నే వెళ్ళండి. మనది తూర్పు తీరం, ఈ రోజుల్లో సూర్యుడు ఆరూ పది ప్రాంతంలో సముద్రం మీంచి వస్తాడు, ఏడున్నర దాకా ఆ వెలుతురు ముఖం మీద బంగారంలా ఉంటుంది. సాయంత్రం అయిదూ ఇరవైకే పొద్దు గుంకుతుంది, అంతకంటే ముందే కొండల వెనక్కి వెళ్ళిపోతాడు కాబట్టి ఒడ్డున వెలుతురు త్వరగా చప్పబడుతుంది. నీళ్ళలోకి మాత్రం దింపకండి, కాలి మడమ వరకు కూడా వద్దు. మన తీరంలో అల ఎప్పుడు లాగుతుందో చెప్పలేం, పైగా ఇది తుపాన్ల కాలం.

తను అలసిపోకుండా చూసుకోవడం ఫోటో బాగా రావడం కన్నా ముఖ్యం. ఎక్కువసేపు నిలబెడితే కళ్ళు తిరుగుతాయి, అందుకని ఒక స్టూలు కారులో వేసుకోండి, సగం ఫోటోలు కూర్చునే తీయండి. వెల్లకిలా పడుకోబెట్టే పోజులు వద్దే వద్దు. ఈ నెలల్లో గర్భసంచి బరువు వెనకున్న పెద్ద రక్తనాళం మీద పడి బీపీ పడిపోతుంది, పడుకునే పోజే కావాలంటే ఎడమ పక్కకి ఒత్తిగిలి, వీపు కింద దిండు పెట్టి. మంచినీళ్ళు, అరటిపళ్ళు, జారని చెప్పులు, మార్చుకునే బట్టలకి ఒక పెద్ద దుప్పటి. తలనొప్పితో పాటు చూపు మసకబారినా, పొట్ట గట్టిపడుతూ వదులవుతూ ఉన్నా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, బిడ్డ కదలిక తగ్గినట్టనిపించినా కెమెరా సంచీలో పెట్టేసి నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.

85 ఎంఎం లెన్సు ఉంటే అదే వాడండి, 50 అయినా ఫరవాలేదు. వైడ్ లెన్సు పెట్టి దగ్గరికి వెళితే పొట్ట, చేతులు, ముఖం అన్నీ కొలత తప్పుతాయి. ఇంకో కారణం కూడా ఉంది: 85 పెట్టుకుంటే మీరు నాలుగడుగులు దూరంగా నిలబడాలి. ఆ దూరం ఆ రోజు మీకూ అవసరమే.

పొట్ట కనబడే ఫోటోలు ఇంట్లోనే తీయండి. తన ఒళ్ళు, తన ఇష్టం, భర్తకి తెలిసే జరుగుతోంది, ఇందులో మీరు సంకోచించాల్సింది లేదు. పడగ్గది కిటికీ పక్కన నిలబెట్టి, పల్చటి తెర వేసి, అవతలివైపు తెల్ల దుప్పటి కడితే స్టూడియో అక్కర్లేదు. అత్తగారు ఇంట్లో ఉండే రోజైతే మీ ఇంట్లో తీయండి. ఇది దొంగతనంగా చేస్తున్న పని అనే భావన మీకు రాకుండా ఉండాలంటే కొన్ని ముందే మాట్లాడుకోవాలి: వాటికి వేరే మెమరీ కార్డు, ఫోన్‌లోకి ఎక్కించడం లేదు, బయట ఎడిటర్‌కి ఇవి పంపడం లేదు, పెన్‌డ్రైవ్‌లో తనకి ఇచ్చేసి మీ దగ్గర తుడిచేయడం. ఇంటిల్లిపాది ఫోన్లు ఒకే గూగుల్ ఖాతాకి కలిసి ఉంటే ఫోటోలు వాటంతటవే అందరికీ కనబడతాయి, అది చూసుకోమనండి. అత్తగారు ఎప్పుడైనా మిమ్మల్ని సూటిగా అడిగితే అబద్ధమాడకండి, "ఆ సంగతి తననే అడగండి ఆంటీ" అంటే చాలు. ఆ మాట అంటానని స్నేహితురాలికి ముందే చెప్పి ఉంచండి.

కార్తీకం వెళ్ళకముందే ఆయన వస్తే ఒక సాయంత్రం డాబా మీద దీపాలు పెట్టి కొన్ని తీయండి. ఆకాశంలో నీలం ఇంకా మిగిలి ఉన్న ఆ పావుగంటలో, ఐఎస్ఓ 1600 దగ్గర, లెన్సు పూర్తిగా తెరిచి. చీర చెంగు దీపాలకి దూరంగా ఉండేలా పిన్ను పెట్టండి. అవి అత్తగారికి ఫ్రేము కట్టి ఇచ్చే ఫోటోలవుతాయి, ఆవిడ కూడా పక్కన నిలబడొచ్చు. ఆవిడ ఉన్న ఫోటో మీరే తీయాలని లేదు, ఆయన చేతికి కెమెరా ఇచ్చినా తప్పులేదు.

ఇక అసలు కష్టమైన పని, తనతో మాట్లాడటం. వాట్సాప్‌లో వద్దు. తన అత్తగారింట్లో వద్దు. బయట ఎక్కడైనా కూర్చుని, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. మాటలు మీవే అయి ఉండాలి గానీ, ఇంచుమించు ఇలా: "నీ ఫోటోలు తీయాలని నాకు నిజంగా ఉంది. కానీ ఆగస్టులో మాది మళ్ళీ ఫెయిలయింది, నీకు చెప్పలేదు. ఇప్పుడు నీ సంతోషంలో నేనున్నప్పుడు బాగానే ఉంటున్నాను, ఇంటికి వెళ్ళాక బాగుండటం లేదు. అందుకని కొంతవరకే చేస్తాను, మధ్యలో నేను కాసేపు పక్కకి వెళ్ళినా నువ్వు ఏమీ అనుకోకు." వంటగది మాట ఇప్పుడే చెప్పకండి. కాన్పుకి ముందు అత్తాకోడళ్ళ మధ్య అది పెడితే తను నలిగిపోతుంది, మీకు ఒరిగేదీ లేదు. బిడ్డ పుట్టి కుదుటపడ్డాక, బారసాల పిలుపుల దగ్గర మళ్ళీ అలాంటిదేమైనా జరిగితే అప్పుడు చెప్పండి, అప్పుడు మీ పక్షాన నిలబడాల్సిన బాధ్యత తనది.

తను ఎలా తీసుకుంటుందో నేను చెప్పలేను. ఇంటర్ నుంచి మిమ్మల్ని చూసిన మనిషి, ఈపాటికి ఏదో ఉందని పసిగట్టే ఉంటుందని నా అనుమానం.

మీ ఆయన గురించి ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆ ఏడుపు ఆయనకి తెలుసో లేదో నాకు తెలియదు, తెలియకపోతే స్నేహితురాలి కన్నా ముందు ఆయనకి చెప్పండి. మీరు చికిత్స తీసుకునే చోట కౌన్సెలర్ ఉంటే ఒకసారి మాట్లాడండి, మూడుసార్లు విఫలమైన తర్వాత ఇది చేయడం ఎవరికైనా అవసరమే.

తేదీ మాత్రం ఒక్కటే పెట్టుకోకండి. ఓడ దిగే రోజు జరుగుతూ ఉంటుంది, వాయుగుండం పడితే మూడు రోజులు వాన. ఆయన రావడం ఆలస్యమైతే తను పుట్టింటికి వెళ్ళేలోపు, సీమంతం రోజు పొద్దున పేరంటాళ్ళు రాకముందు, గాజుల చేతులతో కిటికీ దగ్గర అరగంట తీసినా సరిపోతుంది. ముందు ఈ వారంలో తన చెకప్ ఎప్పుడో కనుక్కోండి, ఆ చెకప్ కన్నా ముందే తనని కలవండి.